నరం చెప్పిన సాక్ష్యం

తన పాదం నిప్పులాంటి సున్నపుగడ్డ మీద కాలుతోందన్న సంగతి, మాడు వాసన ముక్కుకు తగిలేదాకా కొండమ్మకు తెలియలేదు.

"ఒసే కొండీ, కాలు! కాలు తియ్యవే!" వెనకనుంచి రోశమ్మ కేక పెట్టింది.

కొండమ్మ కిందికి చూసింది. బట్టీ నోట్లోంచి అప్పుడే లాగిన సున్నపురాయి. పైన తెల్లగా ఉన్నా లోపల ఇంకా కణకణమంటోంది. దాని మీద తన కుడిపాదం తాపీగా నిలబడి ఉంది. చెప్పు రబ్బరు కరిగింది. పాదం అంచు బొబ్బలెక్కింది. నొప్పి లేదు, మంట లేదు. దారిన పోతూ ఎవరి కాలో చూస్తున్నట్టుంది.

తలమీది గంప కింద పారేసి, రెండు చేతులతో మోకాలి కింద పట్టుకుని, ఆ కాలిని ఎత్తి పక్కన పెట్టుకుంది. పాదం తనంతట తాను లేవదు. మొన్నటి జ్వరం తగ్గి మంచం దిగిన నాటినుంచీ మడమ దగ్గర విరిగిన కొమ్మలా వేలాడుతూనే ఉంది. అయినా ఈడ్చుకుంటూ పనికి వస్తోంది. పిడుగురాళ్ళ బట్టీల్లో కూర్చుంటే కూలి ఎవరిస్తారు? పాదం లేవదని తెలుసు. కాలినా తెలియదన్నది మాత్రం ఇప్పుడే తెలిసింది.

సున్నం మీద నీళ్ళు పడితే ఇంకా ఉడుకుతుంది. అది బట్టీల్లో అందరికీ తెలుసు కనుక రోశమ్మ కొంగుతో సున్నం దులిపి, ఎవరి అన్నం మూటలోనో ఉన్న నూనె తెచ్చి రాసింది. ఎల్లయ్య మేస్త్రీ వచ్చి చూసి, నాలుక చప్పరించి, నరసింహారావుకు కబురు పంపాడు.

నరసింహారావు అందరూ పిలవటానికి డాక్టరే గానీ చదివిన డాక్టరు కాదు. నరసరావుపేటలో ఒక పెద్ద డాక్టరు దగ్గర కంపౌండరుగా పనిచేసి, ఆ తర్వాత బట్టీల పక్కన గది తీసుకున్నాడు. తెల్లచొక్కా, లూనా బండి, తోలుసంచీ. ఎండనక వాననక పిలిస్తే వస్తాడు. అన్నిటికంటే అతని దగ్గర జనానికి నచ్చిన సుగుణం ఒకటుంది: నొప్పి ఎక్కడుంటే అక్కడే సూది పొడుస్తాడు. బట్టీలవాళ్ళ లెక్క అది. భుజం నొప్పికి భుజంలో, నడుం నొప్పికి నడుంలో మందు పడాలి. నడుం నొప్పికి చేతికి సూది వేస్తానన్న పెద్దాసుపత్రి నర్సమ్మను, పని రానిదని ఒక్కమాటలో తేల్చి వచ్చేశారు.

నరసింహారావు కాలిన చోట మందు రాసి కట్టు కట్టాడు. కడుతూ కడుతూ బొటనవేలితో పాదం మీద గట్టిగా నొక్కాడు. "తెలుస్తందా?" అన్నాడు.

"తెలవట్లా."

ఒక్క క్షణం అతని ముఖంలో రంగు మారింది. కొండమ్మ చూసింది. చూసింది గానీ దానికి అర్థం అప్పుడు తట్టలేదు.

"ఇది మందుకు లొంగేది గాదు కొండమ్మా," అన్నాడు సంచీ మూస్తూ. "నేను చేతికి సూదేశా, జొరం దిగింది. నా పని అయిపోయింది. నువ్వు ఒళ్ళు తెలీకుండా పడున్నప్పుడు నీ దగ్గర ఎవరు కూచున్నారో మీ ఆయన్నడుగు."

ఆ మాట చుట్టూ ఉన్న పదిమందీ విన్నారు. సాయంత్రానికి బట్టీల వాడంతా అదే మాట.

కొండమ్మ దగ్గర కూర్చున్నది ఆదెమ్మ. పక్క గుడిసె. రాళ్ళు కొట్టే పని. మొగుడు పోయి చాలా కాలమైంది. ఒంటరిగా ఉండి ఉండి తనలో తాను గొణుక్కోవటం అలవాటైంది. దానికి తోడు నోరు మంచిది కాదు. కొండమ్మకు జ్వరం రావటానికి ముందు కుళాయి దగ్గర ఇద్దరూ బిందెలతో కొట్టుకున్నంత పని చేశారు. "నీ కాళ్ళిరిగిపోను!" అని ఆదెమ్మ అరవటం వాడంతా విన్నది. ఆ తర్వాత జ్వరం. మాచర్ల లోడుకు పోయి తిరిగొచ్చిన లారీ డ్రైవరు లింగయ్యకు, తన ఇంట్లో, తన పెళ్ళాం తలని ఒళ్ళో పెట్టుకుని ఏదో గొణుగుతున్న ఆదెమ్మ కనబడింది. తర్వాత కాలు పడిపోయింది. ఇంకేం కావాలి?

ఆదివారం పొద్దున మేస్త్రీ రేకుల షెడ్డులో పంచాయితీ పెట్టారు. ఆదెమ్మను నేల మీద కూర్చోబెట్టారు.

"చేతబడి చేశావా లేదా?" అన్నాడు ఎల్లయ్య.

"నాకు మంత్రాల ఇద్దె వొస్తే ముందు నీ మీద చేసేదాన్ని మేస్త్రీ, దీని మీద ఎందుకు చేస్తా?" అంది ఆదెమ్మ. "ఆ సూదులాయన తుంటికి సూదేశాడు. నేను కళ్ళారా చూశా. అది పడంగానే దీని కాలు కొట్టుకుంది. ఆయన్నడగండి."

నరసింహారావు నిదానంగా తల ఊపాడు. "చేతికేశా. నేను బయటికొస్తంటే ఈమె ముంతతో ఏందో తాగిస్తంది. అంతవరకే నాకు తెలుసు. మిగతాది మీరే ఆలోచించుకోండి."

ఆలోచించటానికి ఎంతోసేపు పట్టలేదు. పై పళ్ళు రెండు పీకితే మంత్రం నోరు తిరగదు, ఆ తర్వాత కృష్ణ దాటించి తరిమేస్తే పీడ పోతుంది. మేస్త్రీ ఆ మాట, రేపు ఎన్ని లోడ్లు ఎత్తాలో చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"ఆగండి," అంది కొండమ్మ. స్తంభం పట్టుకుని లేచింది. "కాలు నాది. నేను ఫిర్యాదు చెయ్యలా."

"నువ్వు చెయ్యకపోతే మేం చేస్తన్నాం. రేపు ఇంకోళ్ళ కాలు పడిపోతే?"

"కాళ్ళిరగ అనే మాట ఈ కుళాయి కాడ రోజూ ఎంతమంది అనుకుంటన్నారు మేస్త్రీ? అది తగిలేదే అయితే ఈ షెడ్డులోకి ఒక్కళ్ళు నడిచొచ్చేవాళ్ళు కాదు గదా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. లింగయ్య ఆమె చెయ్యి పట్టుకుని "కూచోవే, పరువు తియ్యమాక" అన్నాడు. ఆమె చెయ్యి విదిలించుకుంది.

ఆదెమ్మ మంచిదని కొండమ్మ నమ్మకం కాదు. ఆమె నోరు ఎంత పాడుదో కొండమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కానీ తనకు ఒళ్ళు తెలియని రోజు ఏం జరిగిందో ఎవరెవరో చెప్పి, తన పేరు మీద ఒక ఆడదాని నోట్లో పటకారు పెడతారా? అదీ ఆమె మంట.

"గుంటూరు పోతా. పెద్దాసుపత్రిలో చూపిచ్చుకుంటా. నా కాలికి ఏమైందో తేలిందాకా ఈమె మీద చెయ్యి పడితే ఊరుకోను."

"ఒచ్చే ఆదివారం దాకా," అన్నాడు మేస్త్రీ. "ఆ తర్వాత ఆపేది లేదు."

పోలీసు స్టేషనుకు పోవచ్చు. పోతే వాళ్ళు ముందుగా పిలిపించి అడిగేది ఎల్లయ్య మేస్త్రీనే. అందుకని కొండమ్మ అటు పోలేదు. నేరుగా ఆదెమ్మ గుడిసెకు పోయింది. గుమ్మంలో మేస్త్రీ మనిషి హనుమంతు కాపలా కూర్చున్నాడు. అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది.

"నిజం చెప్పు. ఏం తాగిచ్చావు నాకు?"

"గెంజి. ఉప్పేసి."

"నాతో మాటల్లేవు గదా. ఎందుకొచ్చావు?"

"గోడవతల మూలుగుతా ఉంటే చెవులు పోతన్నాయి. జాలిపడి వొచ్చాననుకోమాక."

కొండమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుంది. "సూది యాడ ఏశాడు?"

ఆదెమ్మ తన కుడి తుంటి మీద వేలు పెట్టి చూపించింది. మధ్యకు, కిందికి. గొంతు తగ్గించింది. "ఆడ పొడవమని నేనే అన్నానే. నువ్వు ఆడే పట్టుకుని నొప్పి నొప్పి అంటన్నావు. ఆయన పైన ఏస్తానన్నాడు. నొప్పున్న కాడ గాకుండా ఇంకోచోట పొడిస్తే నువ్వేం డాక్టరువని నేనే అరిచా. ఇదంతా షెడ్డులో చెబితే, చూశారా ఈమే చేయిచ్చింది అంటారని నోరు మూసుకున్నా."

కొండమ్మ ఆ వేలు ఉన్న చోటు గుర్తుపెట్టుకుంది. ఆదెమ్మ నిజం చెబుతోందో, పళ్ళ భయంతో కల్పిస్తోందో మాత్రం తేల్చుకోలేకపోయింది. తేల్చేది ఇంకెవరో ఉండాలి.

గుంటూరుకు సున్నం లోడు ఉంది. కొండమ్మ లారీ క్యాబిన్‌లోకి చేతుల బలంతో ఎక్కి కూర్చుంది. లింగయ్య స్టీరింగు ముందు కూర్చుని చాలాసేపు బండి కదిలించలేదు.

"తోడొస్తన్నానంతే," అన్నాడు చివరికి. "దాన్ని నమ్మి కాదు."

"నమ్మమని ఎవరన్నారు? బండి తోలు."

పెద్దాసుపత్రి నరాల విభాగంలో వరస పొడుగ్గా ఉంది. వాళ్ళ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరు కనకలక్ష్మి పొట్టి మనిషి, పెద్ద కళ్ళజోడు. చేతిలోని టీ చల్లారిపోయినా పట్టించుకోకుండా కొండమ్మ మోకాలి మీద రబ్బరు సుత్తితో కొట్టింది, గుండుసూదితో కాలంతా గుచ్చి చూసింది.

"మా వాళ్ళు చేతబడి అంటన్నారమ్మా," అంది కొండమ్మ. దాచిపెట్టటం ఎందుకు?

డాక్టరు నవ్వలేదు. "మా దగ్గరొక మెషీను ఉంది. ఎవరు చేశారో చెప్పదు. ఎక్కడ జరిగిందో చెప్తుంది. నొప్పిగా ఉంటుంది, ఓర్చుకుంటావా?"

"నొప్పి పెడితే సంతోషమేనమ్మా. ఆ కాలికి నొప్పి తెలిసి చానాళ్ళయింది."

చిన్న గది. చక్రాల బల్ల మీద టీవీలాంటి పెట్టె, దాని మీద పాకే ఆకుపచ్చ గీత. గుడ్డ తెర అవతల లింగయ్య స్టూలు మీద కూర్చున్నాడు. డాక్టరు ముందు ఎడమపాదం మీద చల్లటి జెల్లీ పూసి రేకుబిళ్ళలు అంటించింది. మోకాలి పక్కన చిన్న కడ్డీ ఆనించి మీట నొక్కింది. చిటుక్కుమని కరెంటు తగిలింది. పాదం దానంతట అదే ఎగిరింది. పెట్టెలో ఆకుపచ్చ గీత కొండలా లేచి పడింది.

"ఇది బాగున్న కాలు. గీత చూడు. ఇప్పుడు కుడిది."

చిటుక్కుమంది. పాదం కదిలీ కదలనట్టు వణికి ఊరుకుంది. కొండ లేదు. చీమల పుట్టంత బొడిపె లేచి పడిపోయింది. కరెంటు పెంచింది. అదే బొడిపె. బిళ్ళలు తీసి చీలమండ వెనక అంటించింది. ఎడమకాలికి చిన్న అల వచ్చింది. కుడికాలికి గీత గీతలాగే సాగిపోయింది.

"కాలు పడిపోయిన కొత్తలో జొరం కాలికి దిగిందన్నాడు మా డాక్టరు. పోలియో మాదిరి అన్నాడు," అంది కొండమ్మ.

"పోలియో కండని పడగొడుతుంది. స్పర్శని ముట్టుకోదు. ఈ రెండో గీత స్పర్శది. అదీ పోయింది నీకు. కనుక అది కాదు." డాక్టరు గొంతులో ఏదో చురుకు పుట్టింది. వేట మొదలుపెట్టిన మనిషిలా ముందుకు వంగింది. "నరం మీదే దెబ్బ పడింది. ఎక్కడ పడిందో పట్టుకుందాం."

ఈసారి వైరు తగిలించిన సన్నటి సూది తీసింది. మోకాలి కింద, ముందువైపు కండలో గుచ్చింది. కాలు కదపొద్దంది. పెట్టెలోంచి చప్పుడు మొదలైంది. రేకుల కప్పు మీద వాన చినుకులు పడుతున్నట్టు టపటప, టపటప.

"ఏందమ్మా ఆ వాన?" తెర అవతలనుంచి లింగయ్య అడిగాడు.

"నీ భార్య కండయ్యా. బాగున్న కండ కదలకుండా ఉంటే చప్పుడు చెయ్యదు. నరం పోయిన కండ ఎవరూ పిలవకపోయినా ఇలా కొట్టుకుంటూ ఉంటుంది. నువ్వేం పని చేస్తావు?"

"లారీ తోల్తానండి."

"హెడ్‌లైటు వెలక్కపోతే ఏం చేస్తావు?"

"బల్బు చూస్తా. తర్వాత వైరు పట్టుకుని వెనక్కి పోతా, యాడ తెగిందా అని."

"నేనూ అదే చేస్తున్నా."

పిక్కలో గుచ్చింది. వాన. తొడ వెనకాల, మోకాలికి పైన గుచ్చింది. వానే. కొండమ్మ పళ్ళు బిగించింది. డాక్టరు ఇంకా పైకి, తుంటి పై భాగంలో గుచ్చింది. నిశ్శబ్దం. కాలు పక్కకు చాపమంది. చాపగానే పెట్టె లారీ ఇంజను స్టార్టయినట్టు గర్జించింది. నడుం దగ్గర గుచ్చింది. అక్కడా నిశ్శబ్దమే.

"నడుం బాగుంది. తుంటి పైన బాగుంది. తొడ దగ్గరికి వచ్చేసరికి పోయింది," అంది డాక్టరు. కొండమ్మ తుంటి మీద అరచెయ్యి పెట్టింది. "ఈ చెయ్యి కింద తెగింది వైరు. ఇక్కడ కత్తి దెబ్బ తగిలిందా? ఎత్తునుంచి పడ్డావా? సూది ఏమైనా పడిందా?"

ఆ చెయ్యి ఆదెమ్మ వేలు చూపించిన చోటనే ఉంది.

తెర అవతల స్టూలు కిర్రుమంది. లింగయ్య లేచి నిలబడ్డట్టున్నాడు.

"చేతికి సూది ఏస్తే ఇట్టా అయిద్దామ్మా?" అంది కొండమ్మ.

"చేతికేసిన సూది ఇక్కడి నరాన్ని చంపదు. ఇక్కడే పడాలి. ఇలాంటివి వారానికొకటి చూస్తున్నా. తుంటిలో పై మూల, బయటివైపు వేస్తే ఏమీ కాదు. ఇక్కడ వేస్తే పెద్దనరం. రెండోవైపు ఎవరినీ ముట్టుకోనివ్వకు. అక్కడ పడితే ఆ కాలూ ఇంతే."

పాదం వేలాడకుండా బూటుకు పట్టీ వేయించుకోమంది. నరం నెమ్మదిగా పాకుతుందని, ఏడాది పైన పట్టవచ్చని, పూర్తిగా రాకపోవచ్చని కూడా దాచకుండా చెప్పింది. కాగితం తీసుకుని రాయబోయింది.

"కాగితం ఒద్దమ్మా. మీరు ఇంగిలీషులో రాస్తారు. మా వాడలో అది చదివేది ఆయనొక్కడే."

డాక్టరు కలం ఆపి ఆమెను ఎగాదిగా చూసింది. మొదటిసారి నవ్వింది. "అయితే నీ కాలే కాగితం," అని, గుండుసూదితో కాలంతా మళ్ళీ గుచ్చుతూ ఎక్కడ స్పర్శ పోయిందో, ఎక్కడ మిగిలిందో ఆమె చేతే చెప్పించి నేర్పించింది.

ఆదివారం షెడ్డులో బల్ల మీద పటకారు పెట్టి ఉంది. హనుమంతు దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. పక్కన నరసింహారావు సంచీ తెరిచి దూది, టించరు తీసి పెట్టాడు. పళ్ళు పీకాక నెత్తురు ఆపాలి గదా.

"ఒరేయ్ హనుమంతూ," అంది ఆదెమ్మ, "పుచ్చిపోయింది ఒకటి చానాళ్ళనించి సలుపుతంది. ముందు అది పీకరా, పుణ్యముంటది."

హనుమంతు తల వంచుకున్నాడు. అప్పుడు కొండమ్మ వచ్చింది. లింగయ్య భుజం పట్టుకుని వచ్చి, బల్ల ముందున్న మంచం మీద కూర్చుని, కుడికాలు చాపింది.

"రోశక్కా, తుమ్మముల్లు తెచ్చి ఈడ గుచ్చు." మోకాలి కింద బయటివైపు చూపించింది. రోశమ్మ గుచ్చింది. కొండమ్మ కన్ను కూడా ఆర్పలేదు. "పాదం మీద గుచ్చు. అరికాల్లో గుచ్చు." గుచ్చింది. ఏమీ లేదు. "ఇప్పుడు ఈడ." కాలి లోపలివైపు, మోకాలినుంచి చీలమండదాకా బెత్తెడు వెడల్పు.

"అబ్బా! మెల్లిగా పొడవ్వే!"

జనం ముందుకు జరిగారు.

"చూశారు గదా. కాలంతా పోయింది, ఈ బెత్తెడు తోలు బతికే ఉంది. ఎందుకంటే దీనికి నరం ఇంకో దారిన వొచ్చిద్దంట. ఆదెమ్మ మంత్రమేసి కాలు పడగొట్టి, ఈ బెత్తెడు మాత్రం నా మీద దయదల్చి ఒదిలేసిందా? దీనికి నా మీద అంత దయ యాడుంది?"

ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. ఆదెమ్మ కూడా నవ్వింది.

"మెషీను పెట్టి కాలంతా వెతికారు," అన్నాడు లింగయ్య. "నేనున్నా. చెవులారా విన్నా. వైరు తెగింది తుంటి కాడ. సూది పడ్డ కాడ. ఆదెమ్మ చెప్పింది నిజం."

నరసింహారావు సంచీ బకిలు సర్దుకున్నాడు. "గుంటూరోళ్ళు ఏదైనా చెబుతారు. తుంటికి నేను ఏసిందెవరు చూశారు? ఈమె ఒక్కతే. చేతికేశానని నేనంటన్నా."

ఎల్లయ్య మేస్త్రీ మీసం దువ్వాడు. "ఆ మాటా నిజమే. మెషీను వొచ్చి సాక్ష్యం చెప్పదు గదా. ఈమె మాట ఒకటి, డాక్టరు మాట ఒకటి. నేను డాక్టరు మాటే నమ్ముతా. హనుమంతూ, కానీ."

హనుమంతు పటకారు తీసుకున్నాడు.

"ఉండు," అంది కొండమ్మ. మంచం మీద ఎడమ పక్క పైకి వచ్చేట్టు ఒత్తిగిలి పడుకుంది. "గుంటూరోళ్ళు చెప్పింది ఉత్తమాట అంటన్నావు గదయ్యా. మంచిది. నాకింకో తుంటి ఉంది. అదే మందు తియ్యి. ఆదెమ్మ వేలు పెట్టిన చోట పొడువు. కాలు పోకపోతే నేనే ఈ పటకారుతో ఆదెమ్మ పళ్ళు పీకుతా."



"కొండీ, ఒద్దే!" లింగయ్య మంచం కోడు పట్టుకున్నాడు. "డాక్టరమ్మ ఏం చెప్పింది? రెండోది కూడా..."

"ఏం చెప్పిందో నాకు తెలుసు. నాతో పాటు ఆయనకీ తెలుసో లేదో చూద్దాం."

"నాకొద్దు నీ సాయం!" అరిచింది ఆదెమ్మ. "పళ్ళే గదా, పోతే పోనీ! లెగవే!"

"నువ్వు నోరు మూసుకుని వేలు పెట్టు. ఆ రోజు పెట్టావు గదా, ఇప్పుడూ పెట్టు."

రోశమ్మా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ దుప్పటి అడ్డం పట్టారు. కొండమ్మ చీర కుచ్చెళ్ళు కొద్దిగా వదులు చేసుకుంది. ఆదెమ్మ వేలు వచ్చి తుంటి మధ్యలో, కిందివైపు ఆనింది. వెనక సీసా మూత తీసిన చప్పుడు, మందు లాగిన చప్పుడు వినిపించాయి. కొండమ్మ కళ్ళు మూసుకుంది. అతను పొడిస్తే? పొడిచేస్తే ఇక బట్టీ లేదు, కుళాయి లేదు, నేల మీద పాకటమే. అయినా కదల్లేదు.

"పైన ఏస్తా," అన్నాడు నరసింహారావు. "పైన, ఇటుపక్క."

"కాదు. వేలున్న చోట."

"పైన అయితే మంచిది కొండమ్మా..."

"ఎందుకు మంచిది? యాడ పొడిచినా ఒకటే గదా. పొడువు!"

చల్లటి స్పిరిట్ తగిలింది. సూదిమొన చర్మాన్ని తాకింది. తాకి, అక్కడే సన్నగా వణికింది. కొండమ్మ మంచం పట్టెను గోళ్ళతో పట్టుకుంది. మొన లోపలికి దిగలేదు. ఎంతసేపటికీ దిగలేదు. తర్వాత నేల మీద గాజు పగిలిన చప్పుడు వచ్చింది.

ఆదెమ్మ దుప్పటి లాగి పారేసింది. నరసింహారావు మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. ఎల్లయ్య మేస్త్రీ "ఏంది డాక్టరూ?" అన్నాడు. నరసింహారావు అతని వంక చూడలేదు. కొండమ్మ వంకే చూస్తూ మాట్లాడాడు.

"వెయ్యలేను. వేస్తే ఈ కాలూ పోతుంది. నాకు తెలుసు. తెలియక చేశానంటే అబద్ధం. పైన, బయటి మూల వెయ్యాలని నాకు పని నేర్పిన డాక్టరుగారు మొదటిరోజే చెయ్యి పట్టుకుని చూపించారు. ఆ రోజు ఆదెమ్మ ఇక్కడే పొడవమని అరిచింది. మీరంతా ఇట్టాగే అరుస్తారు. కాదంటే పని రానివాడంటారు, రేపటినించి ఇంకొకణ్ణి పిలుస్తారు. అందుకని పొడిచా. మందు సగం దిగేసరికి కొండమ్మ కాలు గట్టున పడ్డ చేపలాగా కొట్టుకుంది. అప్పుడే అర్థమైంది నాకు, నరానికి తగిలిందని. అప్పుడు సూది లాగెయ్యొచ్చు. లాగితే తప్పు జరిగిందని ఆదెమ్మకు తెలిసిపోతుంది. అందుకని లాగలా. ఏం కాలేదన్నట్టు మొహం పెట్టి మిగతా సగం కూడా తోశా. చూసింది ఆమె ఒక్కతే. ఆమె మాట ఎవరూ నమ్మకుండా చేస్తే చాలనుకున్నా. మేస్త్రీ, చేతబడన్న మాట నీ చెవిలో ముందు ఏసింది నేనే, నువ్వు మర్చిపోయావు. పళ్ళు పీకుతారని తెలుసు. తెలిసే దూది తెచ్చా. ఆదెమ్మ గంజి తాగించింది, అంతే. ఎవరి ముందు చెప్పమన్నా ఇదే చెబుతా. మొదటి సగం ఆదెమ్మ చెప్పిందని పొడిచా. రెండో సగం ఎవరూ చెప్పలా. అది నేను పొడిచా."